మబ్బు పట్టిన స్కోపులు

అరిజోనాలోని మా చాండ్లర్‌లో మన తెలుగు పిల్లలు ఈమధ్య వేటకు వెళ్తున్నారు. వారమంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, శని ఆదివారాలు ఎడారి కొండల్లో పడి తిరుగుతున్నారు. తిరగనివ్వండి, తప్పని నేననను. కానీ తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ ఎక్కడ జరిగినా ప్లేటు పట్టుకుని నా పక్కన చేరతారు. "ఆంటీ, మీరు రైఫిల్ స్కోప్ కంపెనీలో వర్క్ చేశారంట కదా. ఏది తీసుకోమంటారు? ట్వెంటీ ఫైవ్ ఎక్స్ సరిపోతుందా, ఇంకా పైకి వెళ్ళాలా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎంత పెద్దగా చూపిస్తుందన్న ఒక్క ప్రశ్న తప్ప ఇంకోటి అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. "నేను జవాబు మొదలుపెడితే నీ చేతిలో అన్నం చల్లారిపోతుంది నాయనా, ముందు తిను" అని తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు రిటైరై కూర్చున్నాను, తీరిక దొరికింది, ఆ జవాబేదో రాసి పెడుతున్నాను. ఓపికుంటే చదవండి.

స్కోపంటే తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. తుపాకీ మీద బిగించే చిన్న దూరదర్శిని అది. దాంట్లోంచి చూస్తే దూరంగా ఉన్నది దగ్గరగా, మధ్యలో సన్నటి గీతలతో ఒక ప్లస్ గుర్తు కనిపిస్తుంది. దానికి ఉండవలసిన గుణాలు రెండే. తెల్లవారుజాము మసకలో కూడా స్పష్టంగా చూపించాలి. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ గీత ఉన్నచోటు నుంచి కదలకూడదు. మిగతావన్నీ పెట్టెమీద రాసుకునే గొప్పలు.

నేను చదివింది ఫిజిక్సు. పెళ్ళయి ఇక్కడికొచ్చి, పిల్లను బళ్ళో వేశాక ఉద్యోగాల వేటలో పడితే, ఊరి చివర స్కోపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ పిలిచింది. మీరు వేటాడతారా అని ఇంటర్వ్యూలో అడిగారు. నేను వంకాయను తప్ప దేన్నీ కోయలేదన్నాను. అందరూ నవ్వారు, ఉద్యోగం ఇచ్చారు. నా పని పరీక్షలు. స్కోపును, పేలిన తుపాకీ వెనక్కి తన్నినట్టు తన్నే యంత్రానికి బిగించి తన్నించడం, నీళ్ళలో ముంచడం, ఫ్రీజర్లో పెట్టడం, సిమెంటు నేలమీద పడేయడం. ఇంట్లో గాజుగ్లాసు జారవిడిస్తే పిల్లను తిట్టిపోసేదాన్ని, ఆఫీసులో జీతం పుచ్చుకుని మరీ పడేసేదాన్ని.

నా పరీక్షలన్నీ అయ్యాక, స్కోపు పెట్టెలోకి వెళ్ళేముందు దాన్ని ఆఖరుగా ఒకావిడ చూసేది. నాకంటే పెద్దది. ఇక్కడి పశువుల ఫార్మ్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఎండకు ముదిరిన ముఖం, నడుం దాకా నెరిసిన జడ. ఆమె పేరు నేనిక్కడ రాయను. ఇంట్లో మా ఆయనతో చెప్పుకునేటప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ అనేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. ఎడమకన్ను మూసి కుడికంటికి స్కోపు ఆనించి దీపంవైపు ఒక్క చూపు చూసేది. బాగుంటే పక్కన పెట్టేది. లేకపోతే ఎర్ర టేపు ముక్క అంటించేది. మారు మాట ఉండేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒకసారి అన్ని పరీక్షలూ దాటిన స్కోపుకు ఎర్ర టేపు అంటించింది. ఏమిటమ్మా లోపం అని అడిగితే, రెండో అద్దం అంచున పోగు ఉందంది. నాకు కనిపించలేదు. మేనేజరుకీ కనిపించలేదు. విప్పి చూశాం. తుడిచే బ్రష్షుది ఒకే ఒక్క వెంట్రుక, అద్దం అంచుకు అతుక్కుని ఉంది. గుళ్ళో గర్భగుడి ముందు నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండింది ఆ రోజు ఆమె బెంచీ ముందు. ఆ తర్వాత అందరిలాగే నేనూ ఆమె మాట వేదమనుకున్నాను.

ఇక అసలు కథ. కొన్నేళ్ళు గడిచాక ఒక వేసవిలో మా కంపెనీకి మబ్బు పట్టింది.

మొదట ఒకటీ అరా స్కోపులు ఎర్ర టేపుతో వెనక్కి వచ్చాయి. ఏమిటంటే, లోపల మబ్బుగా ఉందంది. తర్వాత రోజూ వచ్చాయి. ఆ తర్వాత ట్రేలకు ట్రేలు వచ్చాయి. అద్దంలోంచి ఎంత వెలుగు దాటుతుందో కొలిచే మీటరు ఒకటి నా దగ్గరుంది. దానికి పెడితే అంతా భేషుగ్గా ఉన్నట్టు చూపించింది. అప్పుడు మేమేం చేశామో చెబితే మీరు నవ్వుతారు. మీటరు చెడిపోయిందనుకున్నాం! దాన్ని పెట్టెలో పెట్టి రిపేరుకు పంపాం. ఇంజనీర్లం, మేనేజరు, చదువుకున్నవాళ్ళం అందరం కూర్చుని ఏకగ్రీవంగా తీర్మానించిన సంగతి ఇది. ఆమె కన్ను తప్పు కావచ్చన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. సూర్యుడు పడమట పొడుస్తాడేమోనని ఎవరైనా అనుమానపడతారా?

తర్వాత అద్దాలకు పూత పూసే కంపెనీ మీద పడ్డాం. సముద్రం అవతల ఎక్కడో ఉంటారు వాళ్ళు. మీ పూత పాడైందని నేనే ఘాటుగా ఈమెయిళ్ళు రాశాను. అక్కడి ఇంజనీరు పాపం ఫోన్ చేసి, మా దగ్గర అంతా సరిగ్గానే ఉంది మేడమ్, మళ్ళీ మళ్ళీ చూశాం అని బతిమాలుకునేవాడు. మా మేనేజరు వినేవాడు కాడు. మా ఇన్‌స్పెక్టరు చూసింది, అంతే, అనేవాడు. వేట సీజన్ దగ్గరపడుతోంది, కొట్లవాళ్ళు సరుకు ఏదని అడుగుతున్నారు, పూత సంగతి తేలేదాకా బాగున్నవీ పంపకుండా ఆపేశాం, మా గోడౌన్‌లో స్కోపులు పేరుకుపోతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరమ్మకు లాటరీ తగిలింది.

అరిజోనాలో ఎడారి కొండగొర్రె అని ఒకటుంటుంది. పొట్టేలుకు మెలి తిరిగిన పెద్ద కొమ్ములు, నిట్రాయిలాంటి కొండల మీద నడుస్తుంది. దాన్ని వేటాడే అనుమతి లాటరీలో ఇస్తారు. హెచ్-వన్ వీసా లాటరీ అంటే మనవాళ్ళకు గుండె దడ కదా, ఇది దానికి తాత. ఏటా అప్లై చేస్తూ పోవడమే, జుట్టు నెరిసినా రాకపోవచ్చు. వచ్చి ఒక్క పొట్టేలును కొట్టారా, ఈ జన్మకు మళ్ళీ లేదు. ఇన్‌స్పెక్టరమ్మ తండ్రి బతికినంతకాలం అప్లై చేసి, రాకుండానే పోయాడట. ఆమె కుర్రతనం నుంచి చేస్తూనే ఉంది. ఆ రోజు నా ల్యాబ్‌లోకి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చింది అని మాత్రం అంది. షెడ్డంతా ఈలలు, చప్పట్లు, ఎవరో పరిగెత్తుకెళ్ళి కేకు తెచ్చారు.

కేకు తింటూ తనకు స్కోపు నన్నే ఎంచిపెట్టమంది. నేనా అన్నాను. "నువ్వు వేటాడవు హనీ. అందుకే నీకు ఏ కంపెనీ మీదా మోజు లేదు. నువ్వే ఎంచు. డిసెంబరులో ఒక్క పొట్టేలు, ఒక్క గుండు. ఆ ఒక్కటీ తప్పకూడదు." ఆమె ఇంగ్లీషులో అన్నది నేను నా తెలుగులో చెబుతున్నాను, కానీ హనీ మాత్రం ఆమెదే.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెబితే, పప్పుచారు తినే మనిషి తుపాకీ సలహాలివ్వడం లోక వింత అన్నాడు. నువ్వు కారునే సరిగ్గా పార్క్ చేయలేవు, నాకు సలహాలేమిటని తగులుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల గర్వంగానే ఉంది.

ఆగస్టులో ఒక శనివారం తెల్లవారకముందే ఎడారిలో కాల్పులు సాధన చేసే మైదానానికి వెళ్ళాం. నేనూ, ఆమే, ఆమె పాత ట్రక్కూ. మూడు స్కోపులు తెచ్చాను. ఒకటి మావాటిలో అన్నిటికంటే ఖరీదైనది, పెద్దగా చూపించేది. రెండోది మధ్యరకం, తేలిక, ఎన్నిసార్లు పడేసినా గీత కదలనిది. మూడోది వేరే కంపెనీది, పోల్చుకోవడానికి తెచ్చాను. ఇసుక సంచుల మీద ఆనించి తూర్పు కొండవైపు పెట్టాను. వేటలో జంతువులు కనిపించేది పొద్దు పొడిచే వేళే, ఎదురెండలో తేలిపోయే స్కోపు ఆ వేళకు పనికిరాదు. అందుకే అటు పెట్టాను.

పొద్దు కొండ అంచు దాటింది. ఆమె మొదటిదాంట్లోంచి చూసి తల అడ్డంగా ఊపింది. రెండోదీ అంతే. మూడోది చూసి, చూశావా, వీళ్ళకీ అదే మబ్బు, లోకంలో పూత పూసేవాళ్ళంతా పాడయ్యారు అని విసుక్కుంది. తర్వాత స్కోపు దించకుండానే అంది, "వెలుగు చుట్టూ మీసాలు మొలిచినట్టుంది హనీ."

ఆ మాట నేను చిన్నప్పుడు విన్నదే.

మా అమ్మమ్మ ఇలాగే అనేది. దీపానికి గడ్డం మొలిచిందే అని. నూనె కల్తీదని కొట్టువాణ్ణి వీధిలో నిలబెట్టి తిట్టింది. కొట్టు మార్చింది. ఒత్తులు మార్చింది. కోడళ్ళు కుందులు సరిగా తోమడం లేదని వాళ్ళనూ నాలుగు అంది. ఏడాది గడిచాక ఎవరో కంటి డాక్టరుకు చూపిస్తే, ఆమె కంట్లో శుక్లం ముదిరిపోయి ఉంది.

నేను వంగి మూడు స్కోపుల్లోంచీ చూశాను. అద్దాల్లో మబ్బు లేదు, మీసం లేదు. దూరాన కొండవాలులో నిలబడ్డ నాగజెముడు ముళ్ళు కూడా విడివిడిగా కనిపించాయి. అంత చక్కగా కనిపించడం చూసి నాకు భయం వేసింది. లోపల దేవుణ్ణి తలుచుకుని, పైకి మాత్రం మామూలుగా, ఒకసారి ఎడమకంటితో చూడమన్నాను.

ఆమె నవ్వింది. నేను ఎడమకంటితో చూసి ఎరగను అంది. చూడండి, ఊరికే, అన్నాను. కుడికన్ను చేత్తో మూసి, ఎడమకన్ను ఆనించింది. మళ్ళీ కుడికన్ను పెట్టింది. మళ్ళీ ఎడమది. కాసేపటికి లేచి వెళ్ళి ట్రక్కు వెనక తలుపు దించుకుని దానిమీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"నేను వెనక్కి పంపినవన్నీ మంచివేనా?" అంది.

చాలావరకు అయ్యుండాలన్నాను.

"మరి నేను బాగుందని పంపించినవి?"

ఆమె టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా తనకే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. రిటైరవడానికి ఇంకా కొన్నేళ్ళుంది. ఆ బెంచీ మీంచి లేపితే తనకు వేరే పని రాదు. పనిపోతే దానితో వచ్చే వైద్యం ఇన్సూరెన్సు పోతుంది, ఇన్సూరెన్సు పోతే ఈ కన్ను బాగుచేయించుకోవడం ఎలా? బాగవకపోతే పొట్టేలు దక్కదు, తండ్రికి రానిది తనకొచ్చీ పోతుంది. నేను వింటూ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. మరోవైపు నా ఉద్యోగమేమిటో నాకు గుర్తొస్తూనే ఉంది. క్వాలిటీ ఇంజనీరును నేను. తెలిశాక చెప్పకుండా ఎలా ఉంటాను? సముద్రం అవతల ఒకడు చెయ్యని తప్పుకు నిద్ర మానుకుని వెతుక్కుంటున్నాడు.

నా ముఖం చూసి ఆమెకే అర్థమైంది. "సోమవారం నేనే చెబుతాను. నువ్వు చెబితే నన్ను పట్టుకున్నట్టవుతుంది. నేను చెబితే నా పని నేను చేసినట్టవుతుంది." సరేనన్నాను. ఆమె చెప్పకపోతే నేను చెప్పాలి కదా అన్న ఆలోచనతోనే ఆ రెండు రోజులూ గడిపాను.

సోమవారం నేను వెళ్ళేసరికే ఆమె మేనేజరు గదిలో ఉంది. గాజు గోడ కాబట్టి కనిపిస్తున్నారు, వినిపించడం లేదు. ఆమె నిలబడే మాట్లాడింది. మాట్లాడి, ఎప్పుడూ మెడలో వేలాడే తన భూతద్దం తీసి ఆయన బల్లమీద పెట్టింది. ఆయన లేచి ఆ భూతద్దం ఎత్తి, దండలా ఆమె మెడలో తిరిగి వేశాడు. ఆయనకు ఈ పని నేర్పింది ఆమేనట, అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ తర్వాత ఆయన నా ల్యాబ్‌లోకి వచ్చి నాలుగువైపులా చూశాడు. మా దగ్గర ప్రతి పరికరానికీ ఒక స్టిక్కర్ ఉంటుంది, ఏడాదికోసారి సరిచూశామని. తన్నే యంత్రానికి ఉంది, ఫ్రీజరుకుంది, ఆఖరికి గోడ గడియారానికీ ఉంది. "అన్నిటికంటే ఎక్కువ నమ్మినదానికే మనం అంటించలేదు" అన్నాడు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. మీటరును వెనక్కి తెప్పించాం. గోడౌన్‌లో సరుకంతా ఇద్దరిద్దరం కూర్చుని మళ్ళీ చూశాం. ఎర్ర టేపులవి దాదాపు అన్నీ మంచివే. బాగుందన్నవాటిలో కొన్నిటి అద్దాలమీద గీతలు పడి ఉన్నాయి. సరుకు ఆపేయడం వల్ల అవి బయటికి పోలేదు, మా మూర్ఖత్వం ఆ ఒక్క మేలు చేసింది. అవతలి ఇంజనీరుకు నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు తిట్లు తింటానని సిద్ధపడ్డాను. ఆయన మాత్రం, ఆమె కన్ను త్వరగా నయం కావాలి మేడమ్ అన్నాడు. ఇలాంటి మనుషులుంటారు లోకంలో.

కంటి డాక్టరు శుక్లమేనన్నాడు, ఎడమకంట్లోనూ సన్నగా మొదలైందన్నాడు. తీసేసి కొత్త లెన్సు వేస్తే చూపు వస్తుందన్నాడు. ఆమె అడిగింది చూపు సంగతి కాదు, తుపాకీ తన్నుడు సంగతి. కుడిభుజానికి ఆనించి కాలిస్తే ఆ అదురు నేరుగా కొత్త కంటికే తగులుతుంది. డాక్టరు తేల్చి చెప్పలేదు. కన్ను మానే తీరును బట్టి నవంబరు ఆఖరుకు చెబుతానన్నాడు. పొట్టేలు వేట డిసెంబరులో మొదలు. ఆలోపు ఆమెను ఆఖరి బెంచీకి దూరంగా, నా దగ్గర పరీక్షల్లో వేశారు. స్కోపుల్ని సిమెంటు మీద పడేసే పని ఆమెకు తెగ నచ్చింది. ఇన్నాళ్ళూ పసిబిడ్డల్లా పట్టుకున్న వస్తువులు కదా, కసి తీరా పడేసేది.

ఆపరేషను రోజు నేనే డ్రైవ్ చేశాను. ఆమెకు ఉన్నది ఒక్క తమ్ముడు, ఎక్కడో ఉత్తరాన ఉంటాడు. మర్నాడు కట్టు విప్పించుకుని బయటికి వచ్చింది. పార్కింగ్‌లో నా కారు దగ్గర ఆగిపోయి కదలడం లేదు. కళ్ళు తిరుగుతున్నాయేమోనని పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"నీ కారు నీలమా?" అంది.

ఎన్నేళ్ళుగానో ఎక్కుతున్న కారు అది. బూడిదరంగు అనుకునేదట. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, ఇటు చూసి అటు చూసి, తర్వాత తల ఎత్తి ఆకాశం చూసింది. అరిజోనా ఆకాశం, మబ్బుతునక లేదు. ఆ పెద్దమనిషి పార్కింగ్‌లో నిలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. కందిబద్ద కంటే పలచనిది, గాజు కూడా కాని ముక్క, ఒక మనిషికి ఆకాశాన్ని తిరిగి ఇచ్చింది. జీవితమంతా లెన్సులతోనే బతికాను గదా, లెన్సంటే ఏమిటో నాకు ఆ పార్కింగ్‌లో తెలిసింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా, పక్కకారువాడు వింతగా చూశాడు.

నవంబరు ఆఖరున డాక్టరు సరేనన్నాడు. మళ్ళీ అదే మైదానం, అవే మూడు స్కోపులు. ఈసారి మూడూ స్పష్టంగా కనిపించాయి ఆమెకు, ఇక ఎంపిక నా చేతిలోకొచ్చింది. మధ్యరకం దాన్నే ఇచ్చాను. ఖరీదైనది మరీ దగ్గరగా చూపిస్తుంది. ఊపిరి తీస్తే చాలు బొమ్మ ఊగుతుంది, మసకలో చీకటి కమ్ముతుంది, కన్ను వెంట్రుకవాసి జరిగితే నల్లబడుతుంది. పైగా కొండెక్కేవాళ్ళకు బరువు. మధ్యరకంలో బొమ్మ చిన్నదే, కానీ వెలుగు నిండుగా ఉంటుంది. దాని దెబ్బలు నాకు తెలుసు, నేనూ ఆమే కలిసి దాన్నే పడేశాం, దాన్నే ముంచాం, దాన్నే తన్నించాం. గీత కదల్లేదు. ట్వెంటీ ఫైవ్ ఎక్స్ అడిగే బాబులూ, జవాబు ఇదే. మీ కంటికి, మీ కొండకు, మీ చేతి వణుకుకు ఏది సరిపోతే అదే మంచి స్కోపు.

వేటకు నన్నూ రమ్మంది. నేనా, చచ్చినా రానన్నాను. నువ్వు లేకపోతే నేను ఆ కొండ చూసేదాన్ని కాదంది. ఇక కాదనలేకపోయాను. మా ఆయన ఈసారి నవ్వలేదు, తన ఉన్నికోటు తీసి ఇచ్చాడు. నిమ్మకాయ పులిహోర డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను.

కొండ ఎక్కుతుంటే నా మోకాళ్ళు నన్ను తిట్టాయి. ముందు ఆమె తమ్ముడు, వెనక ఆమె, ఆ వెనక రొప్పుతూ నేను. రెండు రోజులు ఏమీ కనిపించలేదు. రాళ్ళూ, ముళ్ళూ, గాలి. మూడోనాటి పొద్దున ఒక గట్టుమీద పడుకుని ఎదుటి కొండను చూస్తున్నాం. ఎర్రటి వెలుగు రాళ్ళమీద కిందికి జారుతోంది. ఆ రాళ్ళలో ఒక రాయి లేచి నిలబడింది.

పొట్టేలు. నేను బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించాను. మెలి తిరిగిన కొమ్ములు, వాటిమీద ఏళ్ళు పడ్డ ముడతలు, ముక్కుల్లోంచి వచ్చే ఆవిరి. ఆ కొండ దాన్నప్పుడే కని పంపినట్టుగా నిలబడి ఉంది. ఇలాంటి ప్రాణి ఒకటి ఈ భూమ్మీద నాతోపాటు బతుకుతోందని ఇన్నేళ్ళుగా నాకు తెలియనే తెలియదు. నాకు కలిగింది ఆనందమో భయమో చెప్పలేను.

ఆమె తుపాకీని బండకు ఆనించి స్కోపులోకి చూసింది. తమ్ముడు దూరం చెప్పి, కాల్చు అని గుసగుసలాడాడు. ఆమె కాల్చలేదు. పొట్టేలు పక్కకు తిరిగి నిలబడింది, అంతకంటే మంచి అదను రాదు. కాల్చు అని మళ్ళీ అన్నాడు. ఆమె కదల్లేదు. కన్ను మళ్ళీ మసకేసింది, లోపల ఏదో చెడింది, తొందరపడి తీసుకొచ్చాం అనుకున్నాను. పాక్కుంటూ పక్కకెళ్ళి, కనిపించడం లేదా అని చెవిలో అడిగాను.

"అన్నీ కనిపిస్తున్నాయి హనీ. అదే కష్టంగా ఉంది."

చెప్పి ఊపిరి వదిలింది. అప్పుడు కాల్చింది. ఆ చప్పుడు కొండ నుంచి కొండకు తిరిగి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. పొట్టేలు ఒక్క అడుగు వేసి, కూర్చున్నట్టుగా ఒరిగిపోయింది. రెండో గుండు అవసరం పడలేదు.

దాన్ని చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. తమ్ముడు కళ్ళనీళ్ళతోనే నవ్వుతూ జేబులోంచి ఫోన్ తీశాడు, అక్కా కొమ్ములు పట్టుకుని కూర్చో, ఫోటో అన్నాడు. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది.

"ఫోటో తర్వాత. ముందు నన్ను చూడనీ."

మోకాళ్ళమీద కూర్చుని, చేతితొడుగు తీసి దాని మెడమీద అరచెయ్యి ఆనించి చూస్తూ ఉండిపోయింది. కొమ్ములు చూసింది, గిట్టలు చూసింది, తెరిచి ఉన్న కళ్ళు చూసింది. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టేసి టోపీ తీశాడు. చచ్చిన జంతువును జన్మలో ముట్టుకోని నేను, ఆమె పక్కన కూర్చుని నా చెయ్యీ వేశాను. ఇంకా వెచ్చగా ఉంది.